తెరవగానే మూతపడు కంప్యూటరు ఆట

సెలవులలో మన విద్యార్థులలో ననేకులు కంప్యూటరు ఆటలతో ప్రొద్దు పుచ్చుదురని యెరుగని తల్లిదండ్రులు లేరు. ఆ యలవాటు మంచిదా చెడ్డదా యను వాదములోనికి మేమిప్పుడు దిగబోము. క్రొత్తగా కొన్న యాటయో, నిన్నటిదాక చక్కగా నడచిన యాటయో, తెరవబోగానే తెర యొక్క క్షణము నల్లబడి, తయారుచేసినవారి చిహ్నము కనబడియు కనబడకమునుపే మూతపడిపోవుట కలదు. దీనినే క్రాష్ అందురు. అప్పు డిండ్లలో జరుగు వ్యవహారమును మేము పలుమారులు చూచియున్నాము. బాలుడు పదిసార్లు అదే గుర్తును నొక్కును. పిమ్మట ఆటను తుడిచివేసి మరల నెక్కించును. అది డెబ్బది గిగాబైట్ల యాటయైనచో పల్లెటూరి యింటర్నెట్టుతో రెండు దినములు పట్టును. మూడవనా డది మరల నట్లే మూతపడును. అంతట నెవరో వచ్చి “గ్రాఫిక్ కార్డు పాడైనది, క్రొత్తది కొనవలసినదే” యని తీర్పు చెప్పుదురు. తండ్రి సొమ్ము పెట్టి కొనును. కార్డు మారును గాని ఆట తెరచుకొనదు. ఇట్టి సొమ్మును, ఇట్టి దినములను మిగుల్చుటకు పనికివచ్చు కొన్ని సంగతులను చెప్పవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా ఆట తెరచుకొనుట యనగా నేమి జరుగుచున్నదో తెలియవలెను. గుర్తును నొక్కగానే విండోసు ఆ యాట యొక్క ప్రధానమైన ఫైలును డిస్కునుండి మెమరీలోనికి చేర్చును. ఆ ఫైలు ఒంటరిగా నేమియు చేయజాలదు. వీధిలోని యిండ్లన్నియు నొక్క రోటిని వాడుకొన్నట్లు, పెక్కు ప్రోగ్రాము లుమ్మడిగా వాడుకొను సహాయక ఫైళ్లు కొన్ని కలవు, వానికి డి.ఎల్.ఎల్. అని పేరు. వానిలో నేది లేకున్నను ఆట గడప దాటదు. అవి దొరకిన పిమ్మట ఆట గ్రాఫిక్ కార్డుతో మాటలాడి, బొమ్మలు గీయుటకు కావలసిన శక్తి దాని కున్నదా యని యడుగును. తరువాత తన యమరికల ఫైలును చదువును. పూర్వము దాచిన యాట కలదేమో వెదకును. లేకున్నచో క్రొత్త ఫోల్డరు నొకటి సృష్టించుకొనును. కడపట షేడరులను, అనగా వెలుగునీడలను లెక్కకట్టు చిన్న ప్రోగ్రాములను, ఆ కార్డుకు తగినట్లుగా తయారుచేసికొనును. ఇదంతయు నొకటి రెండు నిమిషములలో జరుగును.

కాబట్టి మొదటనే మూతపడు ఆట ఒక విధముగా మన కుపకారము చేయుచున్నదనియే చెప్పవలెను. మూడు గంటలు నడచి నడుమ కూలిన యాటలో తప్పు ఎక్కడనైన నుండవచ్చును. గడపలోనే కూలినదానికి కారణములు కొలదియే: కావలసినది దొరకలేదు, దొరకినది చెడియున్నది, వ్రాయబోయిన చోట వ్రాయుట కనుమతి లేదు, లేక యంత్రమే తాళజాలలేదు. పైగా ప్రతి పరీక్షయు రెండు నిమిషములలో ముగియును.

ఇక చేయవలసిన మొదటి పని చదువుట. తెరపై నేదైన వాక్యము కనబడినచో దాని నక్షరము పోకుండ కాగితముపై వ్రాసికొనవలెను. మన విద్యార్థులు దానిని చదువకయే మూసివేయుదురు. అది యింగ్లీషులో నున్నందున గాబోలు. ఏ వాక్యమును కనబడనిచో విండోసులో ఈవెంట్ వ్యూయర్ అను నొక దినచర్య పుస్తకము కలదు. దానిని తెరచి, విండోస్ లాగ్స్ అను విభాగములో అప్లికేషన్ అను పేజీని చూచినయెడల, ఆట మూతపడిన నిమిషమునకు సరిగా నొక యెఱ్ఱగుర్తు కనబడుట కద్దు. దాని క్రింద ఏ ప్రోగ్రాము కూలినది, ఏ ఫైలులో కూలినది, యే కారణసంఖ్యతో కూలినది వ్రాసియుండును. సి0000135 అను సంఖ్య సహాయక ఫైలు దొరకలేదని చెప్పును. సి000007బి యైనచో 32 బిట్ల ప్రోగ్రామునకు 64 బిట్ల సహాయకుడు గాని, అందుకు విపర్యయముగా గాని తగిలినాడని సాధారణార్థము. సి000001డి యనగా ప్రాసెసరునకు తెలియని యాజ్ఞ నొకదానిని ఆట యిచ్చినదని భావము; పాత ప్రాసెసరులపై క్రొత్త యాటల నెక్కించినప్పు డిది కనబడుచుండును; దానికి మందు లేదు. అన్నిటికంటె తరచుగా కనబడునది సి0000005. ప్రోగ్రాము తనది కాని మెమరీని ముట్టుకొన్నదని దీని యర్థము.

ఇచ్చట నొక హెచ్చరిక. ఆ పుస్తకములో వ్రాయబడిన ఫైలు పేరు ఆట పడిన చోటును తెలుపును గాని, కాలికి తగిలిన రాయిని తెలుపదు. గ్రాఫిక్ డ్రైవరు పేరు కనబడినంతమాత్రమున కార్డు చెడిపోయినదని తీర్మానింపరాదు. తప్పుడు లెక్క మరియొకచోట పుట్టి, కడకు డ్రైవరు చేతికి వచ్చినప్పుడు బయటపడియుండవచ్చును. ఈ భేదమును మరచుటవలననే అనవసరముగా కార్డులు కొనబడుచున్నవి.

సహాయక ఫైలు లేదని తెలిసినప్పుడు చేయవలసిన చికిత్స సులభము; చేయరాని చికిత్స యంతకంటె సులభముగా దొరకును. ఎమ్.ఎస్.వి.సి.పి.140 అను ఫైలు లేదని తెరపై కనబడగానే బాలురు ఆ పేరును ఇంటర్నెట్టులో వెదకి, మొదట కనబడిన యేదో స్థలమునుండి ఆ ఒక్క ఫైలును దించి ఆట ఫోల్డరులో పడవేయుదురు. ఊరు పేరు లేనివా డిచ్చిన మాత్రను మ్రింగుట యెట్టిదో ఇదియు నట్టిదే. అందులో దొంగ ప్రోగ్రాము లుండవచ్చును. లేకున్నను అది వేరొక సంచికదై మరియొక తగవు తెచ్చిపెట్టవచ్చును. ఆ ఫైలు మైక్రోసాఫ్టువారి విజువల్ సి ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అను ఉచితమైన మూటలోనిది. దానిని వారియొద్దనుండియే దింపుకొనవలెను. కంప్యూటరు 64 బిట్లదైనను ఆట 32 బిట్లదైనచో 32 బిట్ల మూటయే కావలెను. కనుక రెండింటిని ఎక్కించుట మేలు. డి3డిఎక్స్9 అని మొదలగు పేరుగల ఫైలు లేనిచో, మైక్రోసాఫ్టువారు 2010 జూనులో విడుదల చేసిన డైరెక్ట్ఎక్స్ మూట కావలెను. విండోసు 10లో, 11లో క్రొత్త డైరెక్ట్ఎక్స్ ఉన్నదిగదా, మరల పాతదేల యని కొందరడుగుదురు. క్రొత్తదానిలో ఆ పాత సహాయకులు చేర్చబడలేదు, ఇదియే సమాధానము.

ఇంతకంటె విచిత్రమైన వ్యాధి యొకటి మన భాషకు సంబంధించినది కలదు. మా పాఠశాల విద్యార్థి యొకనికి వాని తండ్రి క్రొత్త ల్యాప్‌టాప్ కొని, ముచ్చటపడి, దానిలో కుమారుని పేరును తెలుగు లిపిలోనే వ్రాసి ఖాతా తెరచెను. పాఠములు, ఉత్తరములు, చలనచిత్రములు అన్నియు చక్కగా నడచెను. పాత యాట యొకటి మాత్రము ఏ వాక్యమును చూపకయే మూతపడుచుండెను. అదే యాట ప్రక్కయింటివారి పాత కంప్యూటరులో నిరాటంకముగా నడచుచుండెను. ఇంటిలోనివారందరు క్రొత్త యంత్రమునే శంకించిరి.

కారణ మిది. ఖాతా తెరచినప్పు డిచ్చిన పేరుతోనే విండోసు ఒక ఫోల్డరును సృష్టించును. ఆటలు దాచుకొను ఫైళ్లలో పెక్కు దాని లోపలనే యుండును. ఇప్పటి ప్రోగ్రాములు యూనికోడ్ అను అక్షరపట్టికను వాడును. అందులో తెలుగునకు 1991వ సంవత్సరమునుండియే 128 గదుల స్థానము కలదు. కాని పాత యాటలలో కొన్ని అంతకు ముందటి పద్ధతిననుసరించి, 256 గదులు మాత్రమే గల చిన్నపట్టికలను వాడుచుండెను. విండోసులో గ్రీకునకు, రష్యనునకు, అరబ్బీకి, మరికొన్ని భాషలకు అట్టి చిన్నపట్టికలు కలవు. తెలుగునకు అట్టిది యెన్నడును చేయబడలేదు. కనుక ఆ యాట ఫోల్డరు పేరు నడిగినప్పుడు ప్రతి తెలుగక్షరమునకు బదులుగా నొక ప్రశ్నార్థక చిహ్నము వచ్చిపడును. విండోసులో ఫైలు పేరున ఆ చిహ్నము నిషిద్ధము. అట్టి పేరుగల ఫోల్డరు తెరచుకొనదు, సృష్టింపబడదు. దొరకనిదానిని దొరకినట్లే భావించి ఆట ముందునకు సాగి కూలును. రోమను లిపిలో పేరిచ్చి మరియొక ఖాతా తెరచి, అందులోనుండి నడపినంతనే ఆట తెరచుకొన్నది. మొదటి ఖాతా పేరును తరువాత మార్చినను ఫలము లేదు. తెరపై పేరు మారును గాని ఫోల్డరు పేరు మారదు. తెలుగున పేరు వ్రాసికొనుట తప్పని మే మనము. లోకములో తమ లిపి తప్ప మరియొకటి యుండునని తలపని పనివారిదే ఆ తప్పు. ఆ బాలుడు చదువునకు తెలుగు పేరి ఖాతాను, ఆ యొక్క యాటకు రెండవ ఖాతాను ఉంచుకొనెను.

గ్రాఫిక్ డ్రైవరునుగూర్చి లోకమంతయు చెప్పుచున్నది గనుక మేము కొంచెమే చెప్పెదము. క్రొత్త యాట తెరచుకొననిచో డ్రైవరును తయారుచేసినవారియొద్దనుండి క్రొత్తది తెచ్చుకొనుట న్యాయమే. నిన్న నడచిన యాట నేడు నడవనిచో మాత్రము ఈ రెండు దినముల నడుమ మారినదేమో యడుగవలెను. మారినది డ్రైవరే యైనచో వెనుకటిదానికి మరలుటయే చికిత్స. డివైస్ మేనేజరులో రోల్ బ్యాక్ డ్రైవర్ అను మీట యిందుకే యున్నది. కొన్ని ల్యాప్‌టాపులలో రెండు గ్రాఫిక్ యంత్రము లుండును. ఒకటి మితశక్తి గలది, రెండవది బలమైనది. ఆట పొరపాటున మొదటిదానిని పట్టుకొని కూలుట కలదు. విండోసు సెట్టింగులలో డిస్ప్లే క్రింద గ్రాఫిక్స్ అనుచోట ఏ యాటకు ఏ యంత్రమో మనమే నిర్ణయింపవచ్చును.

ఇక ఆట ఫైళ్లే చెడియున్నవేమో చూడవలెను. డెబ్బది గిగాబైట్లను మరల దింపుకొనుట కంటె తేలికయైన మార్గము కలదు. స్టీమ్ మొదలగు అంగళ్లనుండి కొన్న యాటలకు ఫైళ్లను సరిచూచు నేర్పాటున్నది. అది ప్రతి ఫైలును మూలముతో పోల్చి, చెడినవానిని మాత్రమే మరల తెచ్చును. అదియు ఫలింపనిచో అమరికల ఫైలును చూడవలెను. దానిని తుడువవద్దు, పేరు మార్చుడు. తనకు తెలిసిన పేరుతో ఫైలు కనబడనందున ఆట క్రొత్తదానిని వ్రాసికొనును. ప్రయోజనము లేకున్నచో మనము పాత పేరునే మరల పెట్టవచ్చును. ఈ పనులకు ముందు, దాచిన యాటలున్న ఫోల్డరునకు నకలు తీసి వేరొకచోట నుంచవలెను. నెలల తరబడి యాడి సంపాదించిన స్థానమును తొందరలో తుడిచివేసికొని కన్నీరు పెట్టిన బాలుర నెరుగుదుము. పెద్దల కది నవ్వులాటగా తోచవచ్చును గాని వారికది నష్టమే. విండోసు రక్షణవిభాగములో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అను కావలి కలదు. ఇది 2017లో వచ్చినది. ఎవరైన దానిని తెరచియుంచినచో, తా నెరుగని ప్రోగ్రామును డాక్యుమెంట్సు ఫోల్డరులో వ్రాయనీయదు. ఆ కావలిని తొలగించుట కాక, ఆ యాట నొక్కదానిని అనుమతించుటయే తగినది.

ఆటకు బయటివారు చేసిన చేర్పులను, మోడ్ అనువానిని, ఎక్కించినవారికి చిన్న లెక్క యొకటి. పదునారు చేర్పులలో నొకటి దోషియైనచో ఒక్కొక్కదానిని తీసి చూచుట పదునారు పరీక్షల పని కావచ్చును. సగము తీసివేసి చూడుడు. ఆట తెరచుకొన్నచో దోషి తీసిన యెనిమిదిలో నున్నది. లేనిచో మిగిలిన యెనిమిదిలో నున్నది. ఇట్లు సగము సగము చేయుచు పోయినచో నాలుగు పరీక్షలలో దొరకును. అరువదినాలుగున్నను ఆరే చాలును. రెండు చేర్పులు కలిసినప్పుడే దోషము పుట్టుచున్నచో ఈ లెక్క చెడును; తరచుగా నట్లుండదు. ఈ పద్ధతి కంతటికి నియమ మొక్కటే: ఒక్కసారికి ఒక్క మార్పు, ప్రతి మార్పునకు పుస్తకములో నొక పంక్తి. డ్రైవరును మార్చి, ఫైళ్లను సరిచూచి, కావలిని తొలగించి, అన్నియు నొకేసారి చేసిన వానికి ఆట తెరచుకొన్నను ఎందువలన తెరచుకొన్నదో తెలియదు. వచ్చేనెల మరల మూతపడినప్పుడు మొదటికే వచ్చును.

అటకమీది పాత సీడీలను తీసినవారికి వేరొక చిక్కు గలదు. నకళ్లను నివారించుటకు సేఫ్‌డిస్క్ అను తాళముతో అమ్మబడిన యాటలు విండోసు 10లో తెరచుకొనవు. ఆ తాళమునకు కావలసిన డ్రైవరు రక్షణకు భంగకరమని 2015లో వచ్చిన ఆ విండోసులో చేర్చబడలేదు. అట్టి యాట తాళము లేని క్రొత్త సంచికగా ఎక్కడనైన అమ్మబడుచున్నచో దానిని కొనుటయే మార్గము. అంతకంటె పాతకాలపు డాస్ ఆటలలో మరియొక వింత. 1990 తరువాతి సంవత్సరములలో బోర్లాండువారి పాస్కల్ భాషలో వ్రాయబడిన ప్రోగ్రాములు కొన్ని వేగము హెచ్చిన క్రొత్త యంత్రములలో తెరవగానే “200వ తప్పు, సున్నతో భాగహారము” అని చెప్పి కూలెడివి. నిజమునకు సున్న ఎక్కడను లేదు. ప్రోగ్రాము మొదలగునప్పుడు, గడియారము ఒక్కసారి కొట్టుకొను 55 మిల్లీసెకండ్లలో తా నెన్నిసార్లు లెక్కింపగలదో చూచుకొని, ఆ సంఖ్యను 55తో భాగించుకొనెడిది. భాగఫలమును 65,535 కంటె పెద్దది పట్టని గదిలో నుంచెడిది. ప్రాసెసరుల వేగము ఇంచుమించు 200 మెగాహెర్ట్సు దాటినప్పటినుండి ఆ లెక్క ముప్పదియారు లక్షలను దాటసాగెను. భాగఫలము గదిలో పట్టలేదు. పట్టని భాగఫలమునకును, సున్నతో భాగించుటకును ప్రాసెసరు ఒకే గంటను మ్రోగించును. యంత్రము మంచిదగుటయే దోషమైనది. నేడు డాస్‌బాక్స్ అను ప్రోగ్రాములో వేగమును తగ్గించి అట్టివానిని నడపవచ్చును.

వాక్యమును నమ్మి మోసపోవుటకు ఇటీవలి నిదర్శనము దీనికంటె పెద్దది. ఇంటెల్‌వారి కోర్ ప్రాసెసరులలో 2022లో వచ్చిన 13వ తరమును, 2023లో వచ్చిన 14వ తరమును కొన్నవారిలో పలువురికి, అన్‌రియల్ ఇంజనుతో చేసిన యాటలు తెరచుకొనుచు షేడరులను తయారుచేయు వేళనే కూలసాగెను. తెరపై “వీడియో మెమరీ చాలదు” అను వాక్యము కనబడెడిది. వీడియో మెమరీ గ్రాఫిక్ కార్డులోనిది గనుక జనులు కార్డులను, డ్రైవరులను నిందించిరి. 2024లో తేలినదేమనగా, కార్డులు నిర్దోషులు, తప్పు ప్రాసెసరులది. హెచ్చు వోల్టేజి వలన అవి లోలోపల క్షీణించి లెక్కలలో పొరబడుచుండెను. షేడరుల పని ప్రాసెసరు నంతటిని ఒక్కసారిగా శ్రమపెట్టును గనుక ఆ బలహీనత అక్కడ బయటపడినది. ఇంటెల్‌వారు 2024 ఆగస్టులోను, సెప్టెంబరులోను సవరించిన మైక్రోకోడును విడుదల చేసి, ఆ ప్రాసెసరులకు హామీకాలమును రెండేండ్లు పొడిగించిరి. ఆ సవరణ రాబోవు హానిని నివారించునే గాని జరిగినదానిని మాన్పదు. కనుక అట్టి కంప్యూటరు గలవారు బయోసును సవరించుకొని, అప్పటికిని ఆటలు కూలుచున్నచో కార్డు కొనక, హామీ క్రింద ప్రాసెసరును మార్పించుకొనవలెను. రసీదును జాగ్రత్తపెట్టిన తండ్రి కది కాసు ఖర్చులేని పని.

ఏమి చేసినను తెరచుకొనని యాటనుగూర్చి తయారుచేసినవారికి వ్రాయవచ్చును. “మీ ఆట పనిచేయుట లేదు, దయచేసి బాగుచేయుడు” అని వ్రాసినచో వారికి తెలియునది శూన్యము. విండోసు సంచిక, ప్రాసెసరు, గ్రాఫిక్ కార్డు, మెమరీ పరిమాణము, డ్రైవరు సంచిక, ఈవెంట్ వ్యూయరులోని ఫైలు పేరు, కారణసంఖ్య, ఇంతవరకు చేసిచూచిన మార్పులు, అన్నియు వరుసగా వ్రాయవలెను. స్టీములో కొన్న యాటయైనచో సొమ్ము మరల నడుగుటకు కొన్ననాటినుండి 14 దినములు గడువున్నది. ఆడినకాలము రెండు గంటలకు లోబడియుండవలెను. తెరవగానే మూతపడు ఆటకు ఆడినకాలము నిమిషములే గనుక రెండవ షరతు సాధారణముగా నడ్డు రాదు. దినముల లెక్కను మాత్రము, ఆట కొన్ననాడే గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టుకొనవలెను.